మీటకు పెట్టిన బొట్టు

నేను ఒక కాలిక్యులేటరును. జేబులో ఇమిడిపోయే రకాన్ని కాదు. బల్ల మీద కాస్త తల ఎత్తి కూర్చునే రకాన్ని. నుదుట వెలుతురును తాగే నల్లని పలక, దాని కింద అంకెలు కనిపించే చిన్న కిటికీ, ఆ కింద వరసలు తీరిన మీటలు, ఇదీ నా ఆకారం. నా స్వభావం గురించి ఒక్క మాట చెబితే చాలు: నాకు అబద్ధమాడడం రాదు. దీన్ని సుగుణమని చెప్పుకోను. అబద్ధమాడే ఏర్పాటు నా తయారీలో లేదు, అంతే. అయితే మనుషులకు నిజం ఒకసారి చెబితే చాలదని నేను విజయవాడ వచ్చాక తెలుసుకున్నాను.

సముద్రం అవతల ఏదో కర్మాగారంలో, కదిలే పట్టీ మీద, నాలాంటివాళ్ళెందరితోనో కలిసి పుట్టాను. పట్టీ చివర కూర్చున్న ఒక స్త్రీ నా మీటలన్నిటినీ వరసగా ఒక్కసారి నొక్కి, పని చేస్తున్నాయని నమ్మి, పెట్టెలో పెట్టింది. నన్ను ఒక్కసారే అడిగి నమ్మిన మొదటి మనిషి ఆమె. ఆ తరువాత అలాంటి మనిషి కోసం చాలాకాలం ఎదురు చూడవలసి వచ్చింది.

బీసెంట్ రోడ్డులో ఒక దుకాణపు అద్దాల బీరువా నుంచి నన్ను కొనుక్కున్నవాడు పూర్ణచంద్ర అనే సి.ఏ. విద్యార్థి. సి.ఏ. అంటే కంపెనీల లెక్కలు సరిగ్గా ఉన్నాయని సంతకం చేసే అర్హత. ఆ అర్హతకు పెట్టే పరీక్ష ఎంత కఠినమైనదంటే, పాసయినవాళ్ళ కంటే మళ్ళీ రాస్తున్నవాళ్ళే ఎప్పుడూ ఎక్కువ. పూర్ణచంద్రకు మాత్రం ఒత్తిడి అనే మాటతో పరిచయం ఉన్నట్టు తోచేది కాదు. వచ్చిన లెక్క రాసేవాడు. రాని లెక్కను పక్కన పెట్టి ఇడ్లీ తినడానికి వెళ్ళేవాడు. తిరిగి వచ్చేసరికి ఆ లెక్క కాస్త మెత్తబడి ఉండేది. మొదటి ప్రయత్నంలోనే పాసయ్యాడు.

గవర్నరుపేటలో అతను చదువుకునే రీడింగు హాలు ఈ కారణాన్ని ఒప్పుకోలేదు. ఇంత సులువైన కారణాన్ని ఒప్పుకుంటే, అంత కష్టపడుతున్న మిగతావాళ్ళ గతి ఏమి కావాలి? అందుచేత అక్కడి ఆనవాయితీ ప్రకారం, పాసయినవాడి వస్తువులకు రాశి ఉందని తీర్మానించి పంచుకున్నారు. అతని కుర్చీ ఒకరికి, నీళ్ళ సీసా మరొకరికి, నేను కిరీటి అనే కుర్రాడికి దక్కాము. ఇడ్లీ తినే అలవాటును మాత్రం ఎవరూ వాటా అడగలేదు.

కిరీటి నాతో చేయించిన లెక్క ఒక్కటే. మిగిలిన పేజీలను మిగిలిన రోజులతో భాగించడం. ఉదయం ఒక టైంటేబులు తయారుచేసేవాడు, రంగురంగుల పెన్నులతో. అది తయారయ్యేసరికి మధ్యాహ్నమయ్యేది. మధ్యాహ్నం కాగానే మిగిలిన సమయం తగ్గింది కాబట్టి నన్ను మళ్ళీ భాగించమనేవాడు. జవాబు పెరిగేది, ఆ జవాబు చూసి అతనికి గుండె దడ వచ్చేది, దడ తగ్గడానికి ఒత్తిడిని జయించడం ఎలా అని వివరించే వీడియోలు సాయంత్రం వరకూ చూసేవాడు. చివరికి పరీక్ష వదిలేసి ఒక కోచింగ్ సెంటరులో చేరాడు. అక్కడ ఇప్పుడు పిల్లలకు ఒత్తిడిని జయించడం ఎలాగో బోధిస్తున్నాడట. ఆ విషయం మీద అతనికి ఉన్నంత అనుభవం నాకు తెలిసి ఎవరికీ లేదు.

వెళుతూ వెళుతూ నన్ను హిమజకు ఇచ్చాడు.

హిమజ సత్యనారాయణపురం అమ్మాయి. సోమయాజులు గారనే ఆడిటరు ఆఫీసులో పని చేస్తూ చదువుకునేది. ఆ ఆఫీసు నుంచి వెళ్ళే రిపోర్టుల్లో సగం ఆమె తయారుచేసినవే. కింద సంతకం మాత్రం సోమయాజులు గారిది. అది న్యాయమేనని ఆమెకూ తెలుసు. కానీ ప్రతి రిపోర్టునూ ఆయన ముందు పెట్టి, ఆయన కలం మూత తీసి, పేరు రాసి, మూత పెట్టేదాకా ఆమె చూపు ఆ కాగితం అడుగున ఉన్న ఖాళీ మీదే ఉండేది. ఆమెకు కావలసింది ఆ ఖాళీ. అందుకు ఇంకా ఒకే ఒక్క భాగం పరీక్షలు మిగిలాయి. ఆ భాగాన్నే ఆమె మళ్ళీ మళ్ళీ రాస్తోంది.

ఈసారి రాసేది ఆఖరుసారి అని ఇంట్లో తనంతట తానే ప్రకటించింది. ఇదీ పోతే, వాళ్ళ పెదనాన్న గారి స్కూల్లో ఫీజుల పద్దులు చూసే పనిలో చేరిపోతుంది. ఎవరూ బలవంతపెట్టలేదు. బలవంతపెట్టి ఉంటే కోప్పడడానికి ఒక మనిషైనా ఉండేవారు.

ఆమెకు చదువు రాక కాదు తప్పడం. కారణం నేను వచ్చిన మొదటి వారంలోనే నాకు అర్థమైంది. తన మొదటి ప్రయత్నంలో ఎప్పుడో, పరీక్ష రాసి ఆటోలో వస్తూ, ఒక అంకె తప్పు కొట్టానని ఆమెకు గుర్తొచ్చిందట. ఆనాటి నుంచి ఏ మొత్తాన్నీ ఒకసారి చూసి నమ్మలేదు. నాకు కుడివైపు పైన ఒక మీట ఉంది. దాని మీద చెక్ అని రాసి ఉంటుంది. అది నొక్కితే అంతవరకు కొట్టిన అంకెలన్నిటినీ వరసగా మళ్ళీ చూపిస్తాను. హిమజ ప్రతి లెక్కకూ ఆ మీట నొక్కేది. చూసింది సరిపోయిందో లేదోనని మరోసారి నొక్కేది. ఆ చూడడంలో ఏమైనా జారిందేమోనని ఇంకోసారి. ఇలా సరిచూసుకోవడం వల్ల సమయం చాలేది కాదు. సమయం చాలక చివరి ప్రశ్నలు మిగిలిపోయేవి. అవి మిగిలిపోవడం వల్ల పరీక్ష పోయేది. పరీక్ష పోవడం వల్ల, ఎక్కడ తప్పు చేశానోనని తరువాతిసారి ఇంకా ఎక్కువ సరిచూసేది. గానుగ చుట్టూ తిరిగే దారికి కూడా ఇంత నిఖార్సయిన గుండ్రతనం ఉండదు. నా సంగతి అంటారా, ఐదూ మూడూ ఎనిమిదని చెప్పి, నిజంగానా అని అడిగించుకోవడం ఎంత అవమానమో మీకు ఎలా చెప్పను?

ఆమె ఒత్తిడిని తగ్గించడానికి ఆ ఇల్లంతా నడుం కట్టింది. తల్లి శకుంతల టీవీ సీరియలు శబ్దం లేకుండా చూసేది; పెదవుల కదలికను బట్టి ఎవరు ఎవరిని తిడుతున్నారో ఊహించుకునేది. కుక్కరు విజిల్ వేస్తుందని అన్నం గిన్నెలోనే వార్చేది. తండ్రి ఆదినారాయణ గేటు దగ్గరే చెప్పులు విడిచి, తన ఇంట్లోకి తానే దొంగలా వచ్చేవాడు. ఇంతమంది ఇంత నిశ్శబ్దంగా తన కోసం ఎదురు చూస్తుంటే హిమజకు ఊపిరాడేది కాదు. రోజుకొక చుట్టం ఫోను చేసి, ఒత్తిడి పెట్టుకోవద్దని ఎంతో ఒత్తి మరీ చెప్పేవారు. ఒక పిన్ని ప్రాణాయామం నేర్పింది: నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చాలి, ఆరు అంకెలు లెక్కపెడుతూ వదలాలి. హిమజ శ్రద్ధగా చేసింది. చేసి, నిమిషానికి ఎన్ని శ్వాసలు పడుతున్నాయో నాతో లెక్కకట్టించి, చెక్ మీట నొక్కింది.

ఆ ఇంట్లో మామూలుగా మాట్లాడే మనిషి అమ్మమ్మ ఒక్కతే. పేరు వెంకటరత్నం. హిమజ చదువుకునే గదిలోనే ఒక మూల మంచం మీద ఆమె మకాం. కళ్ళజోడు పైనుంచి మనవరాలి చేతుల్ని చూస్తూ వత్తులు చేసుకునేది. ఏం చదువుతున్నావని అడిగేది కాదు. జుట్టు దువ్వుకున్నావా, మజ్జిగ తాగావా అని అడిగేది. పరీక్ష ఎవరికైనా వస్తుంది, పోతుంది, జడ మాత్రం చిక్కులు పడనివ్వకూడదని ఆమె సిద్ధాంతం.

మొదటి పరీక్షకు ముందురోజు సాయంత్రం హిమజ డాబా మీద అటూ ఇటూ తిరుగుతోంది. అమ్మమ్మ పూజ ముగించి, గంధపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. దసరాకు కత్తిపీటకు, కుట్టుమిషనుకు, అల్లుడి స్కూటరుకు బొట్టు పెట్టిన చెయ్యి అది; పరీక్షకు వెళ్ళే ఆయుధాన్ని ఊరికే ఎలా పంపుతుంది? పుస్తకాలకు పెట్టింది. హాల్ టికెట్టు మూలకు పెట్టింది. నా దగ్గరికి వచ్చి ఆగింది.

"శకుంతలా, దీనికి ఎక్కడ పెట్టమంటావే? అంకెల మీద పెడితే పిల్లకి కనపడి చావవు."

శకుంతల వంటింట్లోంచి, ఎక్కడో ఒకచోట పెట్టమని, గుసగుసగా చెప్పింది.

"ఎక్కడో ఒకచోటేంటి? స్కూటరుకైతే ఇంజనుకి పెట్టమా? చూస్తూనే ఉన్నాగా, పిల్ల చెయ్యి పొద్దస్తమానం ఈ మూల మీట మీదే ఉంటది. పాపం అన్నిటికంటే ఇదే కష్టపడతంది. పెద్ద బొట్టు దీనికే."

ఇంత సూక్ష్మమైన పరిశీలన నుంచి ఇంత తప్పు నిర్ణయానికి రావడం మనుషులకే సాధ్యం. అప్పుడే సాన మీద అరగదీసిన చిక్కటి గంధం. నిండుగా అద్ది, మధ్యలో కుంకుమ దిద్ది, రెండు చేతులూ జోడించింది. గంధం మీట అంచుల వెంట మెల్లగా లోపలికి దిగింది. చల్లగా, హాయిగానే ఉంది, అబద్ధమెందుకు చెప్పాలి. తెల్లారేసరికి సున్నంలా బిగుసుకుంది.

ఉదయం హిమజ పైన కనిపించేదాన్ని చున్నీతో తుడిచింది. నన్ను పరీక్షించకుండా బయలుదేరుతుందని అనుకోకండి. కూడికలు చేయించింది, తీసివేతలు చేయించింది, శాతాలు కట్టించింది. జవాబులన్నీ నోటితో సరిచూసుకుంది. సరిచూసే మీటను మాత్రం సరిచూడలేదు. లోకంలో అన్నిటినీ అనుమానించేవాళ్ళు కూడా, అనుమానం తీర్చే వస్తువు దగ్గరికి వచ్చేసరికి కళ్ళు మూసుకుని నమ్ముతారు.

పరీక్ష హాలులో మొదటి ప్రశ్న పెద్దది. రెండు కంపెనీలను కలిపి ఒకే ఆస్తి అప్పుల పట్టీ తయారుచేయాలి. హిమజ అంకెలు చకచకా కొట్టింది, మొత్తం వచ్చింది, వేలు అలవాటుగా కుడివైపు పైకి వెళ్ళింది. మీట దిగలేదు. మళ్ళీ నొక్కింది. బొటనవేలితో నొక్కింది. కలం వెనక భాగంతో నొక్కింది. నా కిటికీలో ఆమె ముఖం ప్రతిఫలించేంత దగ్గరికి వంగింది. పైపెదవి మీద చెమట పోసింది. చేతులు బల్ల మీద పెట్టేసి అలా కూర్చుండిపోయింది.

పర్యవేక్షణకు వచ్చిన టీచరమ్మ అది గమనించి దగ్గరికి వచ్చింది. కాలిక్యులేటరు పాడైందని హిమజ చెప్పింది. ఆవిడ వంగి, నా మీద ఏవో రెండు అంకెలు కూడి చూసింది.

"బానే ఉందిగా?"

"మొత్తాలు వస్తున్నాయి మేడమ్. మళ్ళీ చూసుకునే మీట పడట్లేదు."

"పక్కవాళ్ళది తీసుకోకూడదు, నీకు తెలుసుగా." ఆవిడ గొంతు తగ్గించింది. "ఒకసారి చూసుకునే కొట్టావు కదమ్మా. చాల్లే, రాసుకో."

ఆవిడ వెళ్ళిపోయింది. ఆ మాటతో హిమజకు జ్ఞానోదయమైందని చెబితే నా నిజాయితీకి భంగం. ఆమె చేసింది ఏమిటంటే, ఆ లెక్కనంతా మొదటి నుంచీ మళ్ళీ కొట్టింది. నేను అదే మొత్తం చెప్పాను, ఇంకేం చెబుతాను? మూడోసారి మొదలుపెట్టి, సగంలో గోడ గడియారం వైపు చూసింది. మీట నొక్కితే అంకెలు వాటంతట అవే నడిచి వచ్చేవి; ఇప్పుడు ఒక్కొక్కదాన్నీ చెయ్యి పట్టుకుని నడిపించాలి. అనుమానం ఖరీదెంతో వేళ్ళకు మొదటిసారి తెలిసింది. సగం లెక్కను అక్కడే చెరిపేసి, ప్రశ్నపత్రం తిప్పింది.

తరువాతి లెక్కకు వేలు మళ్ళీ ఆ మూలకు వెళ్ళింది, రాయిలాంటి మీటను తాకి, వెనక్కి వచ్చింది. ఆ తరువాతి లెక్కకు సగం దాకా వెళ్ళి వచ్చింది. క్రమంగా ఆ మూలకు వెళ్ళడం మానేసింది. ఆమె వేళ్ళలో అంత వేగం ఉందని నాకే తెలియదు. నా మీద ఇంత ధారాళంగా ఎవరూ లెక్క కట్టలేదు, పూర్ణచంద్రతో సహా.

ఒకచోట మాత్రం, పన్ను లెక్కలో, ఒకటి కొట్టవలసిన చోట ఏడు కొట్టింది. నేను చూస్తూనే ఉన్నాను. నోరున్న వస్తువునైతే అరిచి ఉండేదాన్ని. తప్పు ప్రశ్నకు సరైన జవాబు చెప్పడమే నా వృత్తి ధర్మం, చెప్పాను. ఆమె దాన్ని రాసుకుని ముందుకు సాగిపోయింది. అలా సాగి సాగి, ఇన్ని ప్రయత్నాల్లో ఎన్నడూ చేరని చోటికి చేరింది. చివరి ప్రశ్న. దాని ముందు ఒక్క క్షణం ఆగింది, ఎదురింట్లో ఏళ్ళ తరబడి ఉంటున్న మనిషిని మొదటిసారి పలకరించబోతున్నట్టు. తరువాత రాయడం మొదలుపెట్టింది. గంట మోగేసరికి ఆఖరి గీత కొట్టింది.

ఇంటికి వచ్చే దారిలో, ఆటో ఏలూరు కాలువ వంతెన ఎక్కుతుండగా, సంచిలో ఉన్న నన్ను గట్టిగా పట్టుకుంది. గుర్తొచ్చేసింది, ఆ ఏడు అంకె. అదే భయం, అదే ఆటో ప్రయాణం. ఇక ఈ పిల్ల పని అయిపోయిందని నేను అనుకున్నాను. మిగిలిన పరీక్షలన్నీ ముందున్నాయి.

గుమ్మంలోనే శకుంతల ఎదురొచ్చింది. ఎలా రాశావని నోటితో అడగలేదు, కళ్ళతో అడిగింది.

"ఒక లెక్క పోయిందమ్మా. మిగతావన్నీ రాశాను."

శకుంతలకు మొదటి వాక్యం మాత్రమే వినిపించింది. మంచినీళ్ళ గ్లాసు తెచ్చి, ఒత్తిడి పెట్టుకోవద్దంది. హిమజ నన్ను బల్ల మీద పెట్టి మీట సంగతి చెప్పింది. ఆదినారాయణ కళ్ళజోడు పెట్టుకుని నన్ను కిటికీ దగ్గరికి తీసుకువెళ్ళాడు. పిన్నీసు మొనతో అంచు గీకితే ఎర్రటి పొడి రాలింది. ముగ్గురూ ఆ పొడిని చూశారు. ఆ తరువాత ముగ్గురూ మంచం వైపు చూశారు.

అమ్మమ్మ చేతిలోని వత్తి జారిపోయింది. "నా చేత్తో నేనే దాని గొంతు పిసికానా తల్లీ," అంది. అంత గట్టి మనిషి ముఖం చిన్నబోవడం నేను చూడడం అదే మొదలు.

ఆదినారాయణ, దానిదేముంది, రెండు నిమిషాల్లో శుభ్రం చేసేస్తానని, పిన్నీసు మొనను మళ్ళీ మీట పక్కన ఆనించాడు. ఆ మొన నా పక్కలో గుచ్చుకుని ఉండగా హిమజ నిలబడి ఆలోచించింది. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు, లెక్కే కాబట్టి. ఆ మీట పని చేసి ఉంటే ఏడు అంకె దొరికి ఉండేది. ఆ మీట పని చేసి ఉంటే చివరి ప్రశ్న దొరికి ఉండేది కాదు. ఇటు ఒక లెక్క, అటు ఒక పెద్ద ప్రశ్న. కూడిక కూడా అక్కర్లేని తూకం. కానీ మనిషికి తాను చేసిన తప్పు రాయిలా బరువుంటుంది. చేసిన ఒప్పు దూదిలా తేలిపోతుంది. ఆ తూకం అంత సులువు కాదు.

"ఉంచండి నాన్నా. తియ్యొద్దు."

"అదేంటమ్మా? చిటికెలో పని."

ఆమె నన్ను తండ్రి చేతిలోంచి తీసుకుని, మంచం దగ్గరికి వెళ్ళి అమ్మమ్మ ఒడిలో పెట్టింది.

"ఎల్లుండి పరీక్షకి మళ్ళీ పెట్టు అమ్మమ్మా. అక్కడే పెట్టు."

"పూర్తిగా పాడైపోద్దేమోనే."

"పాడవ్వాల్సింది అదొక్కటేలే."

అమ్మమ్మ గంధపు సాన తెమ్మంది. ఈసారి భక్తితో కాదు, తాపీమేస్త్రీ శ్రద్ధతో మెత్తింది. గీకిన చోటంతా పూడ్చి, కుంకుమ అద్ది, ఇక చూసుకో అన్నట్టు నన్ను అటూ ఇటూ తిప్పి చూసింది.

మిగిలిన పరీక్షలు అలాగే జరిగాయి. అన్నీ బాగా జరిగాయని నేను చెప్పను. ఒక పరీక్షలో ప్రశ్న అర్థం కాక చాలాసేపు ఊరికే కూర్చుంది. ఇంకొకదానికి వెళ్ళే ముందు వాంతి చేసుకుంది. నిద్రలో పళ్ళు కొరకడం మానలేదు. భయం ఎక్కడికీ పోలేదు. కాకపోతే, భయానికి ఇదివరకు ఒక మీట ఉండేది, ఇప్పుడు లేదు. నొక్కడానికి ఏమీ లేని భయం కాసేపు చేతులు నలుపుకుని, పక్కన కూర్చుని, ఆమె రాసుకుంటుంటే చూసేది. ఇంట్లో కూడా చిన్న మార్పు వచ్చింది. కుక్కరు విజిల్ వేయనిమ్మని హిమజే చెప్పింది. శకుంతల సీరియలుకు మాటలు తిరిగి వచ్చాయి. తాను ఇన్నాళ్ళూ ఊహించుకున్న కథకూ అసలు కథకూ పోలికే లేదని తెలిసి ఆవిడ కొంచెం నిరాశపడింది.

ఫలితాల రోజు హిమజ లాప్‌టాప్ తెరిచి, నంబరు కొట్టి, కళ్ళు మూసుకుంది. తండ్రి తలుపు దగ్గర నిలబడి తలుపునే చూస్తున్నాడు. తల్లి వంటింట్లో ఏదో కలుపుతూనే ఉంది. గిన్నెలో ఏమీ లేదని నాకు శబ్దాన్ని బట్టి తెలుస్తోంది. అమ్మమ్మ మాత్రం మామూలుగానే, కళ్ళు తెరువు, మూసుకుంటే మార్కులు మారతాయా అంది.

హిమజ కళ్ళు తెరిచింది. పాస్ అని ఉంది. అలా ఉన్నా నమ్మలేదు. నమ్మితే ఆమె హిమజ ఎలా అవుతుంది? నన్ను దగ్గరికి లాక్కుని, ఒక్కొక్క పేపరు మార్కులూ కూడడం మొదలుపెట్టింది. మొదటి పేపరు మార్కుల దగ్గర వేలు కాస్త ఆగింది. ఆ ఏడు అంకె మింగేసిన మార్కులు పోగా మిగిలినవి అవి. కొట్టింది. మిగతావీ కొట్టింది. సమానం అని నొక్కింది. నేను నా బతుకులో ఎన్నో మొత్తాలు చెప్పాను. ఇంత ఇష్టంగా ఏదీ చెప్పలేదు. తెర మీది మొత్తమూ నాదీ ఒక్కటే. కావలసిన దానికంటే కాస్త ఎక్కువ. గొప్పలు చెప్పుకునేంత ఎక్కువ కాదు.

తరువాత ఆ ఇంట్లో ఈ విజయం ఎవరిదనే విషయం మీద పెద్ద చర్చే జరిగింది. పిన్ని ఫోను చేసి ప్రాణాయామం మహిమ అంది. కిరీటి ఫోను చేసి, తాను ఇచ్చిన కాలిక్యులేటరు రాశి అన్నాడు. అమ్మమ్మ దేవుణ్ణి అడగమంది. నన్ను ఎవరూ అడగలేదు. అడిగినా, ఆమె వేళ్ళ వల్లేనని చెబితే అంత సాదా జవాబు ఎవరికీ రుచించేది కాదు.

అదంతా తరువాతి సంగతి. ఆ క్షణంలో మాత్రం హిమజ నా ముఖం మీది మొత్తాన్ని ఒకసారి చూసింది. మళ్ళీ కొట్టడానికి మొదటి అంకె మీద వేలు పెట్టింది. నేను సిద్ధంగా ఉన్నాను. ఎన్నిసార్లు అడిగినా అదే చెబుతాను. ఆమె వేలు నొక్కలేదు. పెట్టినట్టే పెట్టి తీసేసి, కుర్చీ వెనక్కి తోసి, "అమ్మా" అంటూ వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఎప్పుడూ నన్ను చెరపకుండా లేవని మనిషి, ఆ రోజు చెరపడం కూడా మరిచిపోయింది.

ఎవరూ తాకకపోతే కాసేపటికి నా అంతట నేనే ఆరిపోతాను. అది నా కట్టడి. అంతవరకూ, గదిలో ఎవరూ లేకపోయినా, కిటికీలోంచి పడుతున్న ఎండలో ఆ మొత్తాన్ని ముఖాన పెట్టుకుని అలాగే కూర్చున్నాను.